‘తొలిసారి’ కాదు, ఆ ఇంజనీర్లకు పేర్లూ ఉన్నాయి

సంపాదకులకు,

అయ్యా,

రెండు ఆదివారాల కిందట మీ అనుబంధంలో, కృత్రిమ మేధ పుణ్యమా అని చిత్రకారుడూ సాంకేతిక నిపుణుడూ చరిత్రలో తొలిసారి ఒకే బల్ల ముందు కూర్చున్నారని ఒక వ్యాసం వచ్చింది. నిన్నటి సంచికలోనైనా సవరణ కనబడుతుందేమోనని ఓపిక పట్టాను, కనబడలేదు. టెలిఫోన్ శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరైన నాబోటివాడికి ఆ ‘తొలిసారి’ మింగుడు పడలేదు. ఆ కథలో ముఖ్యమైన ఘట్టాలు నడిచింది టెలిఫోన్ వాళ్ల మధ్యనే మరి.

అమెరికాలో టెలిఫోన్ సంస్థవారి పరిశోధన కేంద్రమైన బెల్ ప్రయోగశాలలో పనిచేసే బిల్లీ క్లూవర్ అనే ఇంజనీరు 1960 మార్చిలో టింగెలీ అనే స్విస్ శిల్పికి తోడుపడ్డాడు. వారు సైకిలు చక్రాలు, మోటార్లు, ఒక పియానో కలిపి, తనను తానే విరగ్గొట్టుకునే యంత్రాన్ని న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం తోటలో నిలబెట్టారు. అరగంట తిరగకుండానే మంటలు లేచి, ఆర్పడానికి అగ్నిమాపక సిబ్బంది పూనుకోవలసి వచ్చింది. ఆరేళ్ల తరువాత, 1966 అక్టోబరులో, అదే క్లూవర్, చిత్రకారుడు రాబర్ట్ రౌషెన్‌బర్గ్ కలిసి పదిమంది కళాకారులనూ సుమారు ముప్పై మంది ఇంజనీర్లనూ కూడగట్టి, న్యూయార్క్‌లోని ఒక సైనిక కవాతు శాలలో తొమ్మిది రాత్రుల ప్రదర్శనలు జరిపారు. ఒక అంశంలో టెన్నిస్ రాకెట్ పిడిలో చిన్న ట్రాన్స్‌మిటర్ దాచారు. బంతి తగిలినప్పుడల్లా ఆ చప్పుడు శాలంతా మారుమోగేది, ఒక దీపం ఆరిపోయేది. జాన్ కేజ్ అనే సంగీతకారుడైతే టెలిఫోన్ లైన్లు వేయించుకుని, ఊళ్లోని హోటలు, పక్షుల శాల, చివరకు న్యూయార్క్ టైమ్స్ అచ్చు యంత్రాల రొద కూడా అప్పటికప్పుడు రప్పించి కచేరీ చేశాడు. పత్రిక అచ్చయ్యే చప్పుడు కళగా మారిన ముచ్చట ఒక పత్రికకే తెలియకపోవడం, చెప్పవద్దూ, నాకు కాస్త నవ్వే తెప్పించింది.

అన్నీ సవ్యంగా జరిగాయని నేననడం లేదు. పరికరాలు మొరాయించాయి, విమర్శకులు చీల్చి చెండాడారు. అయినా ఆ ఏడాదే కళాకారులకు ఇంజనీర్లను జతచేసే సంస్థ ఒకటి అక్కడ వెలిసింది. ఇప్పుడు మీ వ్యాసకర్త కొత్త చిక్కుగా వర్ణించిన కాపీరైట్ తగాదా కూడా పాతదే. బెల్ ప్రయోగశాలలోనే మైకేల్ నోల్ 1960లలో కంప్యూటరుతో గీయించిన బొమ్మను నమోదు చేయించబోతే, యంత్రం గీసినదానికి కుదరదని, కాపీరైట్లు నమోదు చేసే అక్కడి కాంగ్రెస్ గ్రంథాలయం మొదట తిప్పిపంపింది.

పోనీ, అదంతా పరాయి దేశపు సంగతి అంటారా? ఆ తొమ్మిది రాత్రుల్లో పాల్గొన్న సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ 1969లో అహ్మదాబాద్ జాతీయ డిజైన్ సంస్థకు వచ్చి మూగ్ సింథసైజరు అనే, కరెంటుతో స్వరాలు పుట్టించే వాద్యంతో ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో నెలకొల్పాడు. గీతా సారాభాయ్ వంటివారు అక్కడ స్వరాలు కూర్చారు. మన గడ్డ మీద యాభై ఏళ్లకు పైబడి ఉన్న చరిత్రకు మీ అనుబంధంలో అర వాక్యం చోటు లేకపోయింది!

అంతకన్నా నాకు కష్టం కలిగించినది వేరే ఉంది. మీ వ్యాసంలో చిత్రకారుడి ఫొటో మూడు కాలమ్‌ల మేర వేసి, పక్కనున్న ఇంజనీర్లను ‘సాంకేతిక బృందం’ అని రెండు మాటల్లో సరిపెట్టారు. కేజ్ ప్రదర్శనకు ఇంజనీరు సెసిల్ కోకర్ అనీ, ఆ టెన్నిస్ ఆటకు జిమ్ మెక్‌గీ అనీ అరవై ఏళ్ల తరువాత కూడా చెప్పుకోగలుగుతున్నామంటే, పేరు రాయాలన్న ఇంగితం వాళ్లకు ఆనాడే ఉన్నందువల్లనే.

ఈ విషయంలో మిమ్మల్ని ఒక్కరినే తప్పుపట్టి లాభం లేదు. మా పట్టణంలో నాలుగు రోడ్ల కూడలిలో సిమెంటు వీణకు రంగు దీపాల తీగలు చుట్టి, దానికి ‘కళా సాంకేతిక సంగమం’ అని నామకరణం చేసి, శిలాఫలకం పాతారు. ఫలకం మీద పెద్దల నుంచి వార్డు సభ్యుల దాకా అందరి పేర్లూ ఉన్నాయి. వీణ చేసిన శిల్పి పేరు లేదు, తీగలు లాగిన ఎలక్ట్రీషియన్ పేరు అసలే లేదు. రెండు వానలకు సగం దీపాలు మాడిపోయాయి. బాగుచేయమని అడగడానికి వెళ్తే, ఆ పని ఎవరు చేశారో తమ రికార్డుల్లో లేదని అధికారులు సెలవిచ్చారు. ఇప్పుడా వీణ రాత్రిళ్లు ఒంటి వైపే వెలుగుతోంది.

కనుక సవరణ వేసేటప్పుడు ‘తొలిసారి’ని తొలగించడంతో సరిపెట్టక, మీ వ్యాసంలోని ఆ ‘సాంకేతిక బృందం’లో ఎవరెవరున్నారో విలేకరిని పంపి కనుక్కుని, ఇంటిపేర్లతో సహా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత టెలిఫోన్ ఇంజనీరు