మోకాలి కింది కృత్రిమ కాలు సాకెట్ వల్ల పుండు పడిన విషయమై ఫిర్యాదు

మేనేజర్ గారికి,

మధుమేహం వల్ల మా నాన్నగారి ఎడమ కాలిని మోకాలి కింద తొలగించారు. మీ కేంద్రంలో అచ్చు తీసి అమర్చిన కృత్రిమ కాలుతో ఆయన మూడు నెలలుగా నడుస్తున్నారు. ఇప్పుడు మోకాలికి బయటివైపు, ఫిబ్యులా ఎముక తల మీద, రూపాయి బిళ్లంత పుండు పడింది.

కాలు అమర్చిన రోజున మీ టెక్నీషియన్ ఎక్కడైనా నొప్పిగా ఉందా అని రెండుసార్లు అడిగారు. నాన్నగారు లేదన్నారు. ఆ మాట మీదే సాకెట్ (మిగిలిన కాలు దూరే గుల్ల భాగం) సరిపోయిందని రాసి మమ్మల్ని పంపించేశారు. షుగర్ వల్ల చర్మానికి స్పర్శ తగ్గిన మనిషికి నొప్పి ఎలా తెలుస్తుంది? కాసేపు నడిపించి, కాలు విప్పించి, చర్మం ఎక్కడ ఎర్రబడిందో, ఆ ఎరుపు 10–15 నిమిషాల్లో తగ్గుతోందో లేదో కళ్లతో చూడవలసింది. అదెవరూ చూడలేదు. మొదటి వారంలోనే ఎరుపు గమనించి నేను ఫోన్ చేస్తే, కొత్తలో మామూలేనని, మిగిలిన కాలికి ఇంకో సాక్స్ వేయమని చెప్పారు.

స్టంప్ (కోయగా మిగిలిన కాలు) సన్నబడి సాకెట్ అంతటా వదులైనప్పుడు సాక్స్ పనికొస్తుంది. ఇక్కడి లోపం సాకెట్ ఆకారంలో ఉంది. 1950ల చివర్లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రూపొందిన పి.టి.బి. (పటెల్లార్ టెండన్ బేరింగ్) సాకెట్ కాలం నుంచీ తెలిసిన విషయమే: మోకాలి చిప్ప కింది స్నాయువు, టిబియా (మోకాలి కింది పెద్ద ఎముక) పైభాగాన లోపలివైపు వాలు, పిక్క కండ ఒత్తిడిని ఓర్చుకుంటాయి; ఫిబ్యులా తల, టిబియా ముందు అంచు, ఎముక కొస ఓర్చుకోలేవు. అందుకే ఆ చోట్ల అచ్చు మీద అదనంగా ప్లాస్టర్ చేర్చి, సాకెట్‌లో గుంట వచ్చేలా చేస్తారు. నాన్నగారి సాకెట్‌లో వేలు పెట్టి తడిమితే ఫిబ్యులా తల ఆనే చోట గోడ చదునుగా ఉంది. సాక్స్ పెంచినకొద్దీ ఆ ఎముక మీద ఒరిపిడి పెరిగింది. పైగా స్టంప్ పూర్తిగా కిందికి దిగక, అడుగున ఖాళీ మిగిలి, కొస వాచి నల్లబడుతోంది.

పుండు మానేవరకు కాలు తొడగవద్దని డాక్టర్ గారు చెప్పారు. మానిన తరువాత మీ ఖర్చుతోనే కొత్తగా అచ్చు తీసి, ముందు పారదర్శకమైన చెక్ సాకెట్ వేసి, నడిపించి, చర్మం పరీక్షించిన మీదటే అసలు సాకెట్ చేయాలని కోరుతున్నాను. ఈ పుండు ముదిరితే మా నాన్నగారు ఉన్న మోకాలు కూడా పోగొట్టుకుంటారు. కాబట్టి వారం రోజుల్లోగా, బాధ్యత గల ప్రోస్థెటిస్ట్ (కృత్రిమ అవయవాలు అమర్చే నిపుణుల) సంతకంతో, లిఖితపూర్వకంగా సమాధానం పంపగలరు.

ఇట్లు,
మీ వద్ద కాలు అమర్చుకున్న వ్యక్తి కుమార్తె