మూత ఎవరు తీస్తున్నారో కనుక్కో

తణుకు,
ఆదివారం.

చి. సౌ. సుజాతకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం కులాసా. అమ్మ మోకాలి నొప్పి కొంచెం తగ్గింది, మెట్లు ఎక్కవద్దంటే మాత్రం వినడం లేదు. కాలువలకు నీళ్లు వదిలారు. సూరిబాబు వాళ్ల నారుమళ్లు పచ్చబడ్డాయి. ఆవకాయ తిరగకలిపి మీ వాటా వేరే జాడీలో పెట్టాం. చిన్ని కోసం కారం తగ్గించి కొద్దిగా పెసరావకాయ కూడా కలిపింది మీ అమ్మ.

ఫోను చేయలేదని నిష్ఠూరంగా రాయడం లేదు. పని ఒత్తిడి ఉంటుంది, తెలుసు. కామేశ్వరి అత్తయ్య పెళ్లికని హైదరాబాదు వచ్చి మీ ఇంట్లో ఒక పూట ఉండి వెళ్లింది కదా. చిన్ని లంచ్ బాక్సు రోజూ నిండుగానే తిరిగి వస్తోందని, పిల్ల చిక్కిపోయిందని, నువ్వు దిగులు పడుతున్నావని చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది. ఆమె చెప్పినవన్నీ నేను నమ్మను. బడులు తెరిచారు కాబట్టి బాక్సు సంగతి రాద్దామని ఎలాగూ అనుకుంటున్నాను, అందుకే కూర్చున్నాను.

బాక్సు తిరిగి వస్తే పిల్లకు కూర నచ్చలేదనుకుంటారు అందరూ. దాంతో తల్లి రోజుకో కొత్త వంటకం చేయడం మొదలుపెడుతుంది, అదీ తిరిగి వస్తుంది. నేను సర్వీసంతా పిల్లల పక్కన కూర్చుని అన్నం తిన్నవాణ్ణి. ముందు చూడవలసింది కూర కాదమ్మా. ఆ మూత ఎవరు తీస్తున్నారు? నీ ఎదురుగా కాదు, బడిలో, నువ్వు లేనప్పుడు.

నిడదవోలు దగ్గర పనిచేసినప్పటి సంగతి నీకెప్పుడూ చెప్పలేదనుకుంటాను. నువ్వప్పటికి చిన్నదానివి. 2003లో మన రాష్ట్రంలో బడిలోనే వండి పెట్టడం మొదలయ్యేదాకా పిల్లలు మధ్యాహ్నం ఇంటికి పరుగెత్తేవారు, ఇల్లు దూరమైనవాళ్లు క్యారేజీ తెచ్చుకునేవారు. రెండో తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. తండ్రి లేడు. తల్లి రైసు మిల్లులో పనికి వెళ్లేది, చీకటితోనే వండి, పొగలు కక్కే అన్నం స్టీలు డబ్బాలో కూరి, నొక్కుడు మూత బిగించి వాడి సంచిలో పెట్టి వెళ్లిపోయేది. సాయంత్రం వచ్చి చూస్తే డబ్బా పెట్టింది పెట్టినట్టే ఉండేది. కొట్టిందట, బతిమాలిందట, దిష్టి తీయించిందట. చివరికి ఒకరోజు పొద్దున్నే బడికి వచ్చి నా ముందు నిలబడింది. "మధ్యాహ్నం ఇంట్లో ఉండి నేనే తినిపిస్తానండీ, మిల్లు మానేస్తాను" అంది. మానేస్తే ఏం తింటారని నేను అడగలేదు. ఆమెకు తెలియనిది కాదు. రెండు రోజులు ఆగమన్నాను.

ఆ మధ్యాహ్నం వాడు ఎటు వెళ్తాడో చూశాను. అందరూ వరండాలో వరసగా కూర్చుంటే వాడు నీళ్ల తొట్టి వెనక్కి వెళ్లాడు. నేను స్తంభం పక్క నుంచి చూస్తున్నాను. డబ్బాను పొట్టకు ఆనించుకుని రెండు చేతుల వేళ్లతో మూత అంచు పట్టి లాగాడు. రాలేదు. గోళ్లు దూర్చి చూశాడు. మోకాళ్ల మధ్య బిగించి మళ్లీ లాగాడు. వేళ్ల కొసలు తెల్లబడ్డాయి. ఎవరైనా చూస్తున్నారేమోనని ఒకసారి చుట్టూ చూసి, డబ్బా సంచిలో పెట్టేసుకుని, నీళ్లు తాగి, నోరు తుడుచుకుని వచ్చి అందరితో పాటు కూర్చున్నాడు. తిన్నావా అంటే తిన్నానన్నాడు.

ఆ డబ్బా నేను తీసుకుని లాగితే నాకూ రాలేదు. గరిటె కాడ అంచున దూర్చి తిప్పితే టప్పుమని ఊడింది. వేడన్నం మీద మూత వేస్తే లోపలి ఆవిరి చల్లారి నీరవుతుంది, లోపల ఒత్తిడి తగ్గుతుంది, బయటి గాలి మూతను నొక్కి పెడుతుంది. ఐదో తరగతికి నేను చెప్పే పాఠమే అది. మూత రాదని చెప్పుకోవడానికి ఆ వయసు పిల్లలకు సిగ్గు. అన్నం ఇష్టం లేదని చెప్పడమే వాళ్లకు తేలిక. తల్లికి కబురు చేసి, అన్నం పళ్లెంలో ఆరబోసి ఆవిరి పోయాక పెట్టమన్నాను, వీలైతే క్లిప్పుల డబ్బా కొనమన్నాను. వాడు ఆ వారమంతా శుభ్రంగా తిన్నాడు. ఆమె మిల్లు మానలేదు. ఆ పిల్లవాడు పాలిటెక్నిక్ చదివేదాకా ఆ జీతమే వాళ్లకు ఆధారం.

నీ సంగతి దీనికి ముడిపెట్టడం లేదు. నీ ఉద్యోగం వేరు, మీ ఇద్దరి సంపాదన వేరు. బాక్సు మాటే చెబుతున్నాను.

కొట్టుకు వెళ్లేటప్పుడు చిన్నిని వెంట తీసుకెళ్లు. ఆన్‌లైన్లో బొమ్మ చూసి తెప్పించకు. నాలుగు వైపులా క్లిప్పులున్నవి చుక్క కూడా కారవు, నిజమే. కానీ లోపలి రబ్బరు కొత్తలో గట్టిగా ఉంటుంది, ఆరేళ్ల పిల్ల బొటనవేలికి లొంగదు. రెండు క్లిప్పులున్నవి నయం. కొన్నాక నీళ్లు నింపి, మూత పెట్టి, పాత పేపరు మీద బోర్లించి చూడు. ఆ తర్వాత పొద్దున అన్నం పెట్టి మధ్యాహ్నం దాకా అలాగే ఉంచి, చిన్నిని కింద కూర్చోబెట్టి, చేయి తడి చేసి, తానే తీయాలి, తానే మూయాలి అని చెప్పు. నువ్వు చేయి వేయవద్దు. మూయడం కూడా ముఖ్యం. మూయలేని పిల్ల పుస్తకాల మీద పులుసు కారుతుందన్న భయంతో సగంలోనే లేస్తుంది.

అత్తయ్య చెప్పిన దాన్ని బట్టి మీరు కొన్నది వేడి నిలిచే ఫ్లాస్కు లాంటిదట. మంచిదే. వండిన పదార్థాన్ని గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచవద్దని, 5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఫ్లాస్కులో ముందు మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలు ఉంచి, పారబోసి, అప్పుడు పొగలు వచ్చే అన్నం పెడితేనే ఆ వేడి నిలుస్తుంది. కానీ దాని మర మూత వేడికి ఎలా బిగుసుకుంటుందో పైన రాశాను. పెద్దవాళ్లకే కష్టం. దాన్ని ఇంకో రెండేళ్లు అటక మీద ఉంచు.

మామూలు బాక్సులో పెట్టేటప్పుడు వంట బయలుదేరే వేళకు దగ్గరగా చెయ్యి. రాత్రి బయట ఉండిపోయిన అన్నానికి పొద్దున పోపు పెట్టి మాత్రం కట్టవద్దు. బియ్యంలో ఉండే బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు, తర్వాత అవి వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు. చిన్నిది సున్నితమైన కడుపు, నీకు తెలుసు. అప్పుడే వండిన అన్నంతో పులిహోర, వేపుడు, పొడి కూర లాంటివి పెట్టు. పెరుగన్నం కలిపేటప్పుడు అన్నం మెత్తగా మెదిపి గోరువెచ్చని పాలు ఎక్కువ పోసి, పెరుగు చెంచాడే వెయ్యి. తినే వేళకు కమ్మగా తోడుకుంటుంది. అంతా పెరుగే పోస్తే మధ్యాహ్నానికి పుల్లబడుతుంది. నీకు టెన్త్ దాకా మీ అమ్మ అలాగే కట్టింది.

స్టీలే కొను. అడుగున 304 అని ఉందేమో చూడు, అందులో నూటికి 18 పాళ్లు క్రోమియం, 8 పాళ్లు నికెల్ ఉంటాయి. చౌకగా వచ్చే 202 రకంలో నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు, ఉప్పుకూ పులుపుకూ త్వరగా మచ్చలు పడుతుంది. అయస్కాంతం పెట్టి చూడమని కొట్టువాళ్లు అంటారు. ఆ రెండింటి తేడా అయస్కాంతం చెప్పదు. అల్యూమినియం డబ్బాలో చింతపండు, నిమ్మకాయ తగిలే వంట పెట్టవద్దు. ప్లాస్టిక్‌లో వేడి అన్నం అసలే వద్దు.

లోతు డబ్బా కూడా వద్దు. మన పిల్లలు చేత్తో తింటారు. అరచేయి అడుగు దాకా వెళ్లాలి, వేళ్లు తిరిగి అన్నం కలుపుకోవడానికి చోటుండాలి. వెడల్పుగా, బెత్తెడు లోతు లేకుండా ఉన్నది చూడు. ఐదు అరలు ఉన్నవి చూడటానికి బాగుంటాయి. ఆ అరలన్నీ నింపాలని నీకు పొద్దున్నే ఆదుర్దా మొదలవుతుంది, చిన్ని ఏది ముందు తినాలో తేల్చుకునేలోపే బెల్లు కొట్టేస్తారు. రెండు అరలు చాలు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పళ్లెంలో సగం కూరగాయలు, పండ్లు ఉండాలంటుంది. ఆ సగం కూర పప్పులో కలిసిపోయినా తప్పు లేదు. ఇంట్లో తాను తినే గిన్నెతో కొలిచి, అంతకు ఒక పిడికెడు తక్కువే పెట్టు. ఖాళీ చేశానన్న సంతోషం పిల్లకు దక్కనివ్వు. చాలలేదని అడిగిన రోజున పెంచవచ్చు.

బరువు సంగతి అల్లుడు గారికి చెప్పు. 2020లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన బడి సంచుల విధానం ప్రకారం సంచి బరువు పిల్ల బరువులో పదో వంతు దాటకూడదు. ఒకటి, రెండు తరగతులకు 1.6 నుంచి 2.2 కిలోలు. లీటరు నీళ్ల సీసా ఒక్కటే కిలో. అందుకని అరలీటరు సీసా ఇచ్చి, బడిలో నింపుకోవడం నేర్పించండి. ఒకసారి సంచి మొత్తం తూకం వేసి చూడండి.

మూత లోపలి రబ్బరు రోజూ ఊడదీసి కడగాలి. దాని గాడిలో పప్పు ఇరుక్కుని నల్ల చుక్కలు పడతాయి, ఆ వాసనకే పిల్లలు ముఖం తిప్పుకుంటారు. పసుపు మరక పోకపోతే ఎండలో పెట్టు, వెలిసిపోతుంది. శుక్రవారం బాక్సు సోమవారం దాకా సంచిలో ఉండిపోకుండా చూసుకో. కడగడం, సర్దడం అల్లుడు గారు కూడా చేయవచ్చు. ఆయన మంచివారు, నువ్వు అడగవు, అదే నీతో చిక్కు. అడుగు. పిల్ల ఇద్దరిదీ.

ఇప్పుడు ఆ ఇంకో మాట. నువ్వు ఉద్యోగం మానేసే ఆలోచనలో ఉన్నావట. మానవద్దని నేను అనను. నీకు అలసటగా ఉంటే, ఇంట్లో ఉండాలని నీకే అనిపిస్తే, నాన్న ఎప్పుడూ నీ వైపే. కానీ బాక్సు తిరిగి వస్తోందని, నువ్వు సరిగ్గా చూసుకోవడం లేదని ఎవరో అన్నారని మానేస్తానంటే మాత్రం ఒప్పుకోను. ఎంసీఏ సీటు వచ్చిన రోజు నువ్వు కౌన్సెలింగు నుంచి వచ్చి గడపలోనే చెప్పులతో నిలబడి ఆ కాగితం మూడుసార్లు చదివించావు నాతో. ఆ మొహం నేను మరిచిపోలేదు. రాజీనామా రాసే ముందు ఒక్కరోజు సెలవు పెట్టి బడికి వెళ్లు. వాళ్ల టీచరు గారిని మర్యాదగా అడిగి, భోజనాల వేళ చిన్నికి కనబడకుండా నిలబడి చూడు. చేతులు కడగడానికి ఎంతసేపు వరసలో నిలబడుతోంది, ఎవరి పక్కన కూర్చుంటోంది, మూత దగ్గర ఏం చేస్తోంది. పక్క పిల్లలు వాసన అంటూ ముక్కు మూసుకుంటున్నారేమో కూడా చూడు. అదీ ఉంటుంది, దానికి వేరే మందు. వండటానికి పడే శ్రమలో పదో వంతు కూడా కాదు ఇది.

మీ అమ్మ రెండు స్టీలు బాక్సులు కొని చిన్ని పేరు కొట్టించి పంపిస్తానంటోంది. పేరు కొట్టించాక కొట్టువాడు వెనక్కి తీసుకోడు. పిల్ల చేత్తో పట్టి చూడనిదే వద్దని ఆపాను. చిన్ని అరచేయి కాగితం మీద పెట్టి పెన్సిలుతో గీసి, ఆ కాగితం ఫోటో తీసి పంపు. దాన్ని బట్టి నేనే కొట్టుకు వెళ్లి నాలుగైదు చూసి వస్తాను. సూరిబాబు వచ్చే వారం హైదరాబాదు వస్తున్నాడు, ఆవకాయ జాడీతో పాటు ఇచ్చి పంపుతాను. జాడీ మూతకు గుడ్డ కట్టాం, విప్పేటప్పుడు తడి చేయి తగలనివ్వకు.

రాత్రి తొమ్మిది దాటినా పరవాలేదు, ఫోను చెయ్యి. నేను మేలుకునే ఉంటాను. చిన్ని చేతికి కూడా ఒకసారి ఇవ్వు, మధ్యాహ్నం ఏం తిన్నావని అడగను, మాట్లాడిస్తాను అంతే. నువ్వు మాత్రం పొద్దున ఏమీ తినకుండా బస్సు ఎక్కకు.

ఆశీస్సులతో,
నాన్న