నల్లమల మంటల లెక్క రోజూ బయటపెట్టాలి

సంపాదకుడు గారికి,

ఫిబ్రవరి నెలాఖరు వచ్చిందంటే పత్రికల్లో ఒకే తీరు వార్త మొదలవుతుంది. 'ఎండ తీవ్రతకు నల్లమలలో మంటలు', పక్కన పొగ ఫొటో. ఆ మంట ఎక్కడ పుట్టింది, ఎవరు చూశారు, మనుషులు ఎన్ని గంటలకు చేరారు, ఎన్ని హెక్టార్లు కాలింది, చివరికి ఏమైంది అన్నది మర్నాటి పేపర్లోనూ ఉండదు.

ముందు ఆ శీర్షిక సంగతి. ఎండకు ఆకు ఎండుతుందే గానీ దానంతటదే అంటుకోదు. వెదుళ్లు రాసుకుని నిప్పు పుడుతుందన్నది వినడానికి బాగుంటుంది, అంతే. పిడుగుతో అంటుకోవడం మన దగ్గర అరుదు. మిగిలింది మనిషి చెయ్యే. కొత్త గడ్డి కోసం కాపరులు ఎండిన బోద గడ్డి తగలబెడతారు. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు కాలుస్తారు. తునికాకు చిగుళ్లు బాగా రావాలని పొదలకు నిప్పు పెడతారు. శ్రీశైలం రోడ్డు పక్కన వండుకుని పొయ్యి ఆర్పకుండా పోయేవాళ్లు, కార్లోంచి సిగరెట్ విసిరేవాళ్లు, చేలో పత్తికట్టె కాల్చి గట్టు దాటనిచ్చేవాళ్లు వేరే. ఏ బీట్‌లో (ఒక గార్డు కాపలా కాసే అడవి ముక్క) ఏ కారణమో తేల్చకుండా అన్నిటికీ 'గుర్తుతెలియని వ్యక్తులు' అని రాసేస్తే అనుమానం పోయి పోయి చెంచు పెంటల (చెంచుల గూడేల) మీద పడుతుంది. అడవి లోపలి బేస్ క్యాంపుల నుంచి మంట మీదికి ముందు ఉరికే వాచర్లలో (అటవీశాఖ కాపలావాళ్లలో) ఎక్కువమంది చెంచులేనన్నది మాత్రం వార్తలో రాదు.

అమెరికాలో ఐడహో రాష్ట్రం బోయిసీలోని నేషనల్ ఇంటరేజెన్సీ ఫైర్ సెంటర్ మంటల కాలంలో రోజూ ఒక నివేదిక పెడుతుంది. అంటుకున్నది నేషనల్ పార్కులోనైనా, మామూలు అడవిలోనైనా పెద్ద మంట ప్రతిదానికీ అందులో ఒక వరుస ఉంటుంది. మంట పేరు, ఎకరాలు, ఎంత శాతం అదుపులోకి వచ్చింది, ఎంతమంది పనిచేస్తున్నారు, ఇప్పటిదాకా ఎంత ఖర్చయింది. ఎవరైనా చదవొచ్చు. నల్లమలలో అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ ఒక్కటే 2,611 చదరపు కిలోమీటర్లు. కృష్ణకు అవతల ఆంధ్రప్రదేశ్ వైపున్న నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్ అంతకంటే పెద్దది. ఇంత అడవికి జూన్ దాకా రోజుకో పేజీ తెలుగులో ఇమ్మని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

'శాటిలైట్ హెచ్చరికలు ఉన్నాయి కదా' అంటారు. ఉన్నాయి. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2004 నుంచి ఈ పని చేస్తోంది. పేరు నమోదు చేసుకుంటే ఎవరి ఫోనుకైనా మెసేజ్ వస్తుంది. అయితే ఆ మ్యాపు మీద కనిపించే చుక్క ఏమిటో తెలుసుకుని మాట్లాడాలి. శాటిలైట్ల మీద వేడిని పసిగట్టే పరికరాలు రెండు, మోడిస్, విర్స్. మోడిస్ చుక్క అంటే కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పు ఉన్న గడి, అంటే 100 హెక్టార్లు. విర్స్ చుక్క 375 మీటర్ల గడి, సుమారు 14 హెక్టార్లు. ఆ గడిలో ఎక్కడో వేడి ఉందని చెప్పడమే దాని పని. గడి మొత్తం కాలిందని కాదు. అడవి అంచున రైతు కాల్చిన చొప్ప కూడా చుక్కగానే పడొచ్చు. అందుకే చుక్కలను కూడి 'ఇన్ని వేల హెక్టార్లు బూడిద' అని రాయడం తప్పు.

అంతకంటే ముఖ్యమైన లోపం వేళది. విర్స్ మన మీదుగా వెళ్లేది మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో, మళ్లీ రాత్రి అదే వేళకు. మూడు గంటలకు ఇప్పచెట్టు కింద పెట్టిన నిప్పు రాత్రి పదికల్లా ఆరిపోతే దాని కంట అసలు పడదు. పడినా డేటా దిగి, లెక్క తేలి, మెసేజ్ చేరడానికి ఇంకా సమయం పడుతుంది. లోపలి బీట్‌లలో సిగ్నల్ ఉండదు, కబురు వైర్‌లెస్ సెట్టు మీదే పోవాలి. కాబట్టి చుక్క పడిన వేళ, కబురు అందిన వేళ, మనిషి చేరిన వేళ మూడూ వేర్వేరు. నివేదికలో ఈ మూడూ పక్కపక్కన ఉంటే లోటు ఎక్కడుందో చదివినవాడికే తెలుస్తుంది.

చేరాక జరిగే పని గురించీ రెండు మాటలు. మన అడవిలో ఎక్కువగా నేల మంటే. రాలిన ఆకు, గడ్డి కాలుతూ పోతుంది. ఈమధ్య అందరూ బ్లోయర్ల పేరు, అంటే గాలితో ఆకు ఊదే యంత్రాల పేరు చెబుతున్నారు. మంచి పనిముట్టే, వాడే పద్ధతి తెలిస్తే. మనిషి మంట పక్క అంచున నడుస్తూ కాలని ఆకును, అంచున రగులుతున్న ఆకును కాలిపోయిన నేల వైపు తోసెయ్యాలి. మట్టి కనిపించే బాట పడుతుంది, మంట అక్కడ ఆగుతుంది. ఎగసి వస్తున్న ముందు కొసకు ఎదురు నిలబడి ఊదితే కొలిమికి తిత్తి ఊదినట్టే. వెనక ఇద్దరు పచ్చి కొమ్మలతో మిగిలిన నిప్పు కొడుతూ రాకపోతే తెరిచిన బాట మళ్లీ దాటుతుంది. ఇది టూ స్ట్రోక్ ఇంజను. కంపెనీ చెప్పిన పాళ్లలో ఆయిల్ కలపకుండా వట్టి పెట్రోలు పోస్తే పిస్టన్ పట్టేస్తుంది. ఫిల్టరు బూడిదతో మూసుకుపోతుంది, రోజూ దులపాలి. పైగా బ్లోయర్ రాలిన ఆకును ఊడుస్తుందే తప్ప వేళ్లూనిన బోదను ఊడవలేదు. బోద ఉన్నచోట కొడవలి కావాలి, లేదా మంట దాటకుండా గడ్డి, ఆకు తీసేసి ముందే సిద్ధంగా ఉంచిన బాట, అంటే ఫైర్ లైన్ కావాలి.

ఆ ఫైర్ లైన్‌ల దగ్గరే అసలు పేచీ. జనవరిలో గడ్డి కోసి, ఫిబ్రవరి నడిమికల్లా మంచు తడి ఉన్న పూట జాగ్రత్తగా కాల్చి లైన్ సిద్ధం చేస్తారు. రికార్డులో పని పూర్తయినట్టే. టేకు, మద్ది ఆకు మాత్రం ఆ తర్వాత కూడా రాలుతూనే ఉంటుంది. మార్చి మొదటివారానికి లైన్ మీద మళ్లీ ఆకు పరుచుకుని, మంటను ఆపాల్సిన లైనే మంటకు దారి ఇస్తుంది. రెండోసారి ఊడవని లైన్‌ను లైన్‌గా లెక్కెయ్యకూడదు. ఏ లైన్ ఏ తేదీన చివరిసారి ఊడ్చారో రేంజ్‌వారీగా ప్రకటిస్తే సగం జబ్బు కుదురుతుంది.

నివేదికలో ఇంకో గడి తప్పక ఉండాలి, 'ఆరిన మర్నాడు చూసిన వేళ'. డొల్ల పడిన మొద్దు లోపల నిప్పు రెండు రోజులైనా రాజుకుంటూ ఉంటుంది. ఏటవాలులో కాలుతున్న దుంగ దొర్లి లైన్ కిందికి పడితే కొత్త మంట. వాలు ప్రతి 10 డిగ్రీలకు పైకెక్కే మంట వేగం దాదాపు రెట్టింపవుతుంది. అందుకే కొండవాలున మంటకు పైన మనిషి నిలబడకూడదు. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లినవాళ్లు, 2020 ఫిబ్రవరిలో కేరళ త్రిస్సూర్ జిల్లాలో ముగ్గురు వాచర్లు మంటల్లో చిక్కి చనిపోయారు. వాచర్లకు నైలాన్ కలిసిన యూనిఫాం ఇవ్వడం ప్రమాదం, వేడికి కరిగి ఒంటికి అంటుకుంటుంది. మందపాటి నూలు బట్ట, బూట్లు, మనిషికి అయిదు లీటర్ల నీళ్లు లేకుండా మంట మీదికి పంపకూడదు.

మంటలతో పాటు ఆ రోజు మిగతా పనులూ ఒక్కో వాక్యంలో ఇవ్వొచ్చు. శ్రీశైలం రోడ్డు మీద బండి గుద్ది చచ్చిన జంతువులు, రాత్రి 9 దాటాక గేటు దగ్గర ఆపిన వాహనాలు, పులి చంపిన పశువుకు పరిహారం దరఖాస్తులు, సాసర్ పిట్లకు (జంతువులు తాగే లోతు తక్కువ నీటి తొట్లకు) పోసిన ట్యాంకర్లు. అయితే పిట్లు ఎక్కడున్నాయో, పులి ఎక్కడ కనిపించిందో రాయకూడదు. ఉచ్చులు పెట్టేవాడూ ఆ నివేదిక చదువుతాడు. బీట్ పేరు చాలు.

అధికారుల భయం ఒకటుంది. మంటల సంఖ్య పెరిగితే మెమో వస్తుందని. సంఖ్యను బట్టి శిక్షిస్తే కింది సిబ్బంది మంటలను దాచడం నేర్చుకుంటారు. కబురుకూ చేరడానికీ మధ్య పట్టిన సమయాన్ని, మళ్లీ అంటుకున్న మంటలను బట్టి పనితీరు కొలవండి. కాలిన విస్తీర్ణం కంటి అంచనాతో కాదు, ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని అంచు వెంట నడిచి తీసింది రాయాలి.

ఉగాదికి ముందు వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు మీదుగా వేల మంది శ్రీశైలానికి నడుస్తారు. చైత్ర పున్నమికి సలేశ్వరం జాతర. రెండూ ఆకు బాగా ఎండిన రోజులే. కనీసం ఆ రెండు వారాలతోనైనా మొదలుపెట్టి, పొద్దున తొమ్మిదికల్లా రేంజ్ ఆఫీసు బోర్డు మీద, అటవీశాఖ వెబ్‌సైట్‌లో ఈ పేజీ ఉంచాలని రెండు రాష్ట్రాల అటవీశాఖలను కోరుతున్నాం. మీ జిల్లా ఎడిషన్‌లో దానికి రోజూ నాలుగు అంగుళాల చోటు కేటాయిస్తారా?

ఇట్లు,
అడవి పనుల పరిచయమున్న కొందరు పాఠకులు,
అచ్చంపేట, నాగర్‌కర్నూల్ జిల్లా