నకిలీ నాణెం మీద ‘నకలు’ అని ముద్ర కొట్టించండి: కేంద్ర మంత్రి గారికి తిరుపతి నుంచి ఓ బహిరంగ లేఖ

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రి గారికి నమస్కారం.

తిరుపతిలో చిన్న షాపు పెట్టుకుని పాత నాణేలు, స్టాంపులు అమ్ముకునేవాణ్ణి. షాపుకొచ్చి కొనేవాళ్లు తగ్గిపోయాక ఆన్‌లైన్ వేలం సైట్లే దిక్కయ్యాయి. పెద్ద కంపెనీలవి కాదు సార్, నాణేల పిచ్చి ఉన్నవాళ్లు మాత్రమే తిరిగే చిన్న చిన్న సైట్లు. వందేళ్లు దాటిన వాటితో వ్యాపారం చెయ్యాలంటే 1972 పురావస్తు చట్టం కింద లైసెన్స్ కావాలి కాబట్టి వాటి జోలికి పోను. బ్రిటిష్ రాజు ఆరో జార్జి బొమ్మ ఉన్న వెండి రూపాయిలు, మధ్యలో చిల్లున్న కాణీలు, స్వాతంత్ర్యం తర్వాత వచ్చిన స్మారక నాణేలు, ఇదే నా సరుకు.

ఈ సైట్లు తెరవగానే ఎదురొచ్చేది 1818 హనుమంతుడి నాణెం. ఒకవైపు ఆంజనేయుడు, ఇంకోవైపు ఈస్టిండియా కంపెనీ పేరు. కంపెనీ అలాంటి నాణెం ఎప్పుడూ చలామణిలోకి తేలేదు, అయినా ‘అరుదైనది, ఇంట్లో పెట్టుకుంటే కలిసొస్తుంది’ అని రాసి వేలానికి పెడతారు, జనం పాడతారు. కొండకి వచ్చిన భక్తులు కొందరు ఇట్లాంటిదే తెచ్చి నా కౌంటర్ మీద పెట్టి "ఎంతిస్తావన్నా?" అంటారు. నకిలీ అని చెప్తే చాలు, తక్కువకి కొట్టెయ్యాలని చూస్తున్నానని నా వైపే అనుమానంగా చూస్తారు. (వైష్ణోదేవి ఐదు రూపాయల నాణేనికి లక్షలొస్తాయని ఫోన్లు చేసేవాళ్లు వేరే. పాత నాణేల పేరుతో జరిగే మోసాల గురించి రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించినా ఆ పిచ్చి తగ్గలేదు.)

ఇది కొనేవాళ్ల కష్టం. అమ్మేవాడి కష్టం ఎవరికీ పట్టదు, అందుకే ఈ లేఖ.

పోయిన ఏడాది ఒక వెండి రూపాయి అమ్మాను. 11.66 గ్రాముల బరువు త్రాసు మీద కనబడేట్టు ఫోటో తీశాను, రాజుగారి చెవి కింద సన్నగా ఒక గీత ఉంటే దాన్ని కూడా దాచకుండా దగ్గర నుంచి తీసి పెట్టాను. కొన్నాయన అది నకిలీ అని రిటర్న్ పెట్టాడు. తిరిగొచ్చిన కవరు విప్పితే అందులో ఉన్నది నా నాణెం కాదు. చెవి కింద గీత లేదు, బొమ్మ చుట్టూ సూదితో పొడిచినట్టు గుంటలు, అంచు మీద గోరు పెట్టి తిప్పితే లోహం కరిగించి పోసినప్పుడు పడే అతుకు తగులుతోంది. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి పంపితే సైటువాళ్లు ఇచ్చిన జవాబు, కేసు క్లోజ్ అయిందని. నాణెం పోయింది, దుడ్లు ఆయనకి వెళ్లిపోయాయి, కమీషన్ మాత్రం వాళ్ల దగ్గరే ఉండిపోయింది. ఇక పోటీ పడి పాట పెంచేసి, గెలిచాక ఫోన్ ఆపేసేవాళ్ల గురించి రాస్తే ఈ లేఖ తెగదు.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని సైటువాళ్లు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. బాగానే ఉంది. అయితే అదంతా వినియోగదారుడి కోసం, వ్యాపారానికి సైటు వాడుకునే నాలాంటివాడు ఆ లెక్కలోకి రాడు. పదే పదే నకిలీలు పెట్టేవాళ్ల వివరాలు రాసిపెట్టుకోమన్నారు గానీ, వాళ్లని సైటు నుంచి తీసెయ్యక్కర్లేదని కూడా అదే నిబంధనలో రాశారు! పైగా అది కాపీరైటు, ట్రేడ్‌మార్కు, ఐటీ చట్టాల కింద తీసేసిన సరుకుకే. ఆరో జార్జి రూపాయికి ట్రేడ్‌మార్కు ఎవరి పేరు మీద ఉంటుంది సార్? దొంగ నాణేల సెక్షన్ కింద కేసు పెడదామంటే అది ప్రస్తుతం డబ్బుగా చెల్లే నాణేలకే. శ్రీకాళహస్తి కలంకారీకి కనీసం జీఐ, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు ఉంది, మెషీన్ ప్రింటు గుడ్డని ఆ పేరుతో అమ్మితే నిలదీయడానికి ఒక చట్టం ఉంది. పాత నాణేనికి అదీ లేదు. చివరికి మిగిలేది మోసం కేసు, వెయ్యి రూపాయల నాణెం కోసం స్టేషన్ చుట్టూ ఎవరు తిరుగుతారు?

అమెరికాలో 1973లోనే దీనికో చట్టం చేశారు. పాత నాణేనికి నకలు తయారుచేస్తే దాని మీదే అది నకలని తెలిసేలా ముద్ర ఉండాలి, అంతే. 2014లో దాన్ని సవరించి, ముద్ర లేకుండా అమ్మేవాళ్లని కూడా అందులోకి తెచ్చారు. మన దగ్గర కూడా అదే చెయ్యండి. నకళ్లు చేసుకోవద్దని ఎవరూ అనడం లేదు, పూజగదిలో పెట్టుకునేవాళ్లు పెట్టుకోనీండి, కానీ ఆ ముద్ర అచ్చులోనే ఉండాలి. స్టిక్కర్ అంటిస్తే చాలని మాత్రం రాయకండి, సాయంత్రానికి పీకేస్తారు. అట్లాగే ఆ 48 గంటలు, నెల రోజుల గడువు చిన్న అమ్మకందారుల ఫిర్యాదులకి కూడా వర్తింపజెయ్యండి. రిటర్న్ వచ్చిన వస్తువు మేము పంపిందే అని తేలేదాకా డబ్బు సైటు దగ్గరే ఆగాలి, అప్పటిదాకా వాళ్ల కమీషన్ కూడా.

ఇట్లు,
తిరుపతి నుంచి ఒక పాత నాణేల అమ్మకందారు