కోడ్ మార్చే ముందు లాగ్ చూడాలి

సంపాదకులకు,

సొంతంగా చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ రాసుకునే విద్యార్థుల కోసం వచ్చే పాఠాలు బూట్ సెక్టార్ (యంత్రం డిస్క్ నుంచి మొదట చదివే సెక్టార్) కోడ్ ఇచ్చి ఊరుకుంటున్నాయి. అది యంత్రాన్ని సాఫ్ట్‌వేర్‌లో అనుకరించే ఎమ్యులేటర్ క్యూఎములో మొరాయిస్తే ఏం చేయాలో చెప్పడం లేదు. దాంతో ఇక్కడో లైను, అక్కడో లైను మార్చి చూస్తూ రోజులు గడిపేస్తున్నారు. తప్పెక్కడుందో ఎమ్యులేటర్‌నే అడగొచ్చు. ఆ పద్ధతి కూడా పాఠంలో భాగం కావాలి.

‘నాట్ ఎ బూటబుల్ డిస్క్’ అని వస్తే పని తేలికే. 512 బైట్ల సెక్టార్‌లో 510, 511 స్థానాల్లో హెక్స్ 55, ఏఏ లేవన్నమాట. ‘బూటింగ్ ఫ్రమ్ హార్డ్ డిస్క్’ దాకా వచ్చి ఆగిపోతే ఎక్కువగా రెండో దశను, అంటే బూట్ సెక్టార్ డిస్క్ నుంచి తెచ్చుకునే మిగతా కోడ్‌ను, చదవడంలోనే తేడా ఉంటుంది. ఏ డ్రైవ్ నుంచి బూట్ చేసిందీ బయోస్ (యంత్రం ఆన్ కాగానే నడిచే ప్రోగ్రాం) డీఎల్ అనే ప్రాసెసర్ రిజిస్టర్‌లో పెట్టి ఇస్తుంది: మొదటి హార్డ్ డిస్క్ అయితే హెక్స్ 80, ఫ్లాపీ అయితే 0. ఫ్లాపీ కోసం రాసిన పాత కోడ్ డీఎల్‌ను 0 చేసేస్తుంది. ఇమేజ్‌ను (డిస్క్ బదులు ఎమ్యులేటర్‌కు ఇచ్చే ఫైలును) హార్డ్ డిస్క్‌గా ఇస్తే లేని ఫ్లాపీని వెతుకుతుంది. ఇమేజ్ సైజునైతే చాలామంది పట్టించుకోరు. కెర్నల్ (సిస్టమ్ అసలు కోడ్) 6 సెక్టార్లే ఉండి కోడ్ 15 అడిగితే, ఫైలు చివర దాటి రీడ్ విఫలమవుతుంది. ట్రంకేట్ కమాండ్‌తో ఇమేజ్‌ను 14,74,560 బైట్లకు పెంచితే సరిపోతుంది. డిస్క్ చదివించే బయోస్ కాల్ ఇంట్ 13 తర్వాత, రీడ్ విఫలమైందని చెప్పే క్యారీ ఫ్లాగ్ చూడని లోడర్‌ను అసలు పాఠంగా ఇవ్వకూడదు.

అసలు తిప్పలు ప్రాసెసర్ 32 బిట్ల ప్రొటెక్టెడ్ మోడ్‌లోకి దూకేటప్పుడు మొదలవుతాయి. యంత్రం ఆగకుండా మళ్లీ మళ్లీ బూట్ అవుతుంటే అది చాలావరకు ట్రిపుల్ ఫాల్టే, అంటే ఒక ఫాల్ట్‌ను సర్దబోయి మళ్లీ ఫాల్టులు పడి ప్రాసెసర్ చేతులెత్తేయడం. ‘నో-రీబూట్’ ఆప్షన్ పెట్టి, ఇంటరప్ట్‌లను, ఫాల్టులను లాగ్‌లో రాసే ‘-డి ఇంట్’ ఇచ్చి నడపండి. కేవీఎం (కోడ్‌ను నేరుగా అసలు ప్రాసెసర్ మీద నడిపే సదుపాయం) ఆపేయాలి, అది ఉంటే ఈ లాగ్ రాదు. ట్రిపుల్ ఫాల్ట్‌కు ముందు వరుసగా పడిన ఫాల్టుల్లో మొట్టమొదటిదే అసలు దోషి. అక్కడ ‘వి=0డి ఈ=0010’ అని ఉంటే (వి అంటే వెక్టర్, అంటే ఫాల్ట్ లేదా ఇంటరప్ట్ నంబరు; ఈ అంటే ఎర్రర్ కోడ్) హెక్స్ 10 సెలెక్టర్ దగ్గర జనరల్ ప్రొటెక్షన్ ఫాల్ట్ వచ్చిందని అర్థం. మెమరీ సెగ్మెంట్ల పట్టిక అయిన జీడీటీలో ఆ సెలెక్టర్ చూపే మూడో ఎంట్రీ తప్పయినా ఉండాలి, జీడీటీ లిమిట్ అంతదాకా చేరకపోయినా ఉండాలి. ముందు ఏ ఫాల్టూ లేకుండా నేరుగా ‘వి=08’ వస్తే మాత్రం జీడీటీ జోలికి పోవద్దు. పిక్‌ను (ఇంటరప్ట్‌లను ప్రాసెసర్‌కు పంపే చిప్‌ను) వేరే వెక్టర్లకు రీమ్యాప్ చేయనంతవరకు టైమర్ ఇంటరప్ట్ 8వ వెక్టర్‌కే వస్తుంది. ఇంటరప్ట్‌లను ఆపే సీఎల్ఐ ఇన్‌స్ట్రక్షన్ మరిచారేమో చూసుకోవాలి.

లాగ్‌తో తేలకపోతే చిన్న ఎస్, పెద్ద ఎస్ ఆప్షన్లు రెండూ ఇచ్చి, డీబగ్గర్ జీడీబీని 1234 పోర్టుకు కలిపి, బూట్ సెక్టార్ లోడయ్యే హెక్స్ 7సి00 దగ్గర బ్రేక్ పెట్టి ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ నడపాలి.

క్యూఎములో నడిచినంత మాత్రాన లోడర్ సరైనదైపోదు. అక్కడి బయోస్ అయిన సీబయోస్ డీఎస్, ఈఎస్ సెగ్మెంట్ రిజిస్టర్లను సున్నాగా అప్పగిస్తుంది, నిజమైన యంత్రాల్లో ఆ హామీ లేదు. లోడర్ తొలి వరుసల్లోనే డీఎల్‌ను చెదరనివ్వకుండా డీఎస్, ఈఎస్, ఎస్ఎస్‌లను సున్నా చేసి, స్టాక్ పాయింటర్ ఎస్పీకి హెక్స్ 7సి00 ఇవ్వాలి. స్టాక్ కిందికి పెరుగుతుంది కనుక కోడ్ మీద పడదు.

ఇట్లు,
ఒక సిస్టమ్స్ ప్రోగ్రామర్