రైల్ మ్యూజియానికి సోమవారమా?

సంపాదకుడు గారికి,

చలికాలం వచ్చిందంటే మన బడుల్లో ఢిల్లీ–ఆగ్రా టూర్ల హడావిడి మొదలవుతుంది. పిల్లల చేతికిచ్చే కరపత్రంలో ఎర్రకోట, కుతుబ్ మినార్, లోటస్ టెంపుల్ తర్వాత చివరి వరుసలో 'రైల్ మ్యూజియం (వీలైతే)' అని ఉంటుంది. ఆ 'వీలైతే' చాలాసార్లు సోమవారం నాడు పడుతుంది. చాణక్యపురిలోని నేషనల్ రైల్ మ్యూజియానికి సోమవారం సెలవు. ఎర్రకోట, లోటస్ టెంపుల్, అక్షరధామ్ కూడా ఆ రోజు మూసే ఉంటాయి. వెయ్యి మైళ్లు పోయిన పిల్లలు గేటు ముందు ఫొటో దిగి వెనక్కి వస్తారు. తప్పు మ్యూజియానిది కాదు, క్యాలెండర్ చూడకుండా ప్లాన్ వేసినవాళ్లది.

దీనికి మందు తేలికే. తాజ్‌మహల్‌కు సెలవు శుక్రవారం, సోమవారం కాదు. కాబట్టి సోమవారాన్ని ఆగ్రాకు ఇచ్చేయాలి. హైదరాబాద్ నుంచి శనివారం పొద్దున తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఆదివారం పొద్దునకు న్యూఢిల్లీ. ఆ రోజు ఇండియా గేట్, కాస్త విశ్రాంతి. సోమవారం ఆగ్రా. మంగళవారం ఉదయం 10 గంటలకు మ్యూజియం గేటు తీసే వేళకు అక్కడుండాలి. శని, ఆదివారాల్లో ఢిల్లీ కుటుంబాలన్నీ అక్కడే ఉంటాయి, టికెట్ ధర కూడా మామూలు రోజుల కంటే ఎక్కువ.

నెల కూడా ముఖ్యమే. డిసెంబరు చివర, జనవరిలో పొగమంచుకు ఉత్తరాది రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. సంక్రాంతి సెలవుల్లో పెట్టుకున్న టూర్లు మొదటి రోజే దెబ్బతినేది ఇందుకే. మ్యూజియంలో పెద్ద ఇంజన్లన్నీ ఆరుబయటే, కాబట్టి ఏప్రిల్, మే అసలొద్దు. ఫిబ్రవరి మొదటి రెండు వారాలు అన్నిటికంటే నయం. పదో తరగతివాళ్లకు అప్పుడు కుదరదు, ఎనిమిది, తొమ్మిది తరగతులను తీసుకెళ్లండి.

ఇక రైలు టికెట్లు. డబ్బు పోయేదీ, తగాదాలు వచ్చేదీ ఇక్కడే. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. విజ్ఞానయాత్రకు వెళ్లే విద్యార్థులకు సెకండ్ క్లాస్, స్లీపర్‌లలో 50 శాతం, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 75 శాతం రాయితీ ఉంది. గ్రామీణ ప్రభుత్వ బడుల పిల్లలకు ఏడాదికోసారి స్టడీ టూర్‌కు 75 శాతం ఇస్తారు గానీ అది సెకండ్ క్లాస్‌కే. ఒక రాత్రి, ఒక పగలు కూర్చునే పోవాలా అన్నది హెచ్‌ఎం గారు ముందే తేల్చుకోవాలి. ఈ రాయితీలేవీ ఆన్‌లైన్‌లో రావు. స్టేషన్‌లో ఇచ్చే ఫారం నింపి, హెచ్‌ఎం సంతకం, ముద్ర వేయించి కౌంటర్‌లో ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో ఒక టికెట్‌కు ఆరుగురే. అలా ఏడెనిమిది టికెట్లు తీస్తే 44 మంది నాలుగు బోగీల్లో చెల్లాచెదురవుతారు. గ్రూప్ బుకింగ్‌కు రైల్వే అధికారుల అనుమతి లేఖ ముందే తెచ్చుకుని కౌంటర్‌కు వెళ్తే ఒకేచోట బెర్తులు దొరికే అవకాశం ఎక్కువ.

ఇంకో మెలిక ఉంది. 12 ఏళ్లు నిండని పిల్లలకు సగం ఛార్జీ అనగానే చాలామంది సంబరపడి తీసేస్తారు. ఆ టికెట్‌కు బెర్త్ ఉండదు. బెర్త్ కావాలంటే పూర్తి ఛార్జీ కట్టాలి. ఆరో తరగతి పిల్లలు పదిమంది ఇలా బెర్త్ లేకుండా ఎక్కితే రాత్రి టీటీఈతో, తోటి ప్రయాణికులతో గొడవే.

ఆఖరి నిమిషంలో ఎవరికో జ్వరం వస్తుంది. గుర్తింపు ఉన్న విద్యాసంస్థ గ్రూప్ అయితే, బండి బయల్దేరడానికి 48 గంటల ముందు హెచ్‌ఎం రాతపూర్వకంగా అడిగితే పేరు మారుస్తారు. అదీ ఒక్కసారే, గ్రూప్‌లో పది శాతానికి మించకుండా. నలభైమందికి నాలుగు పేర్లు. కాబట్టి టూర్‌కు రావాలని ఎదురుచూసే మరో నలుగురు పిల్లల పేర్లు ముందే రాసి పెట్టుకోవాలి.

మ్యూజియంలో కనీసం మూడు గంటలు కావాలి. నలభైమందిని ఒకే గుంపుగా నడిపిస్తే ముందున్న పదిమందే చూస్తారు, మిగతావాళ్లకు వీపులు కనిపిస్తాయి. పదేసిమంది చొప్పున నాలుగు జట్లు, జట్టుకో టీచరు. రెండు జట్లు లోపలి గ్యాలరీకి, రెండు బయటి ఇంజన్ల దగ్గరికి, గంటన్నర తర్వాత మార్పిడి. టాయ్ ట్రైన్‌కు, సిమ్యులేటర్లకు (తెర ముందు కూర్చుని రైలు నడిపినట్టు అనిపించే యంత్రాలు) టికెట్లు వేరు. సిమ్యులేటర్‌లో ఒకేసారి కొద్దిమందే పడతారు కాబట్టి రాగానే సమయాలు అడిగి రాసుకోవాలి. తిరిగి వచ్చేటప్పుడు చూద్దామంటే ఏడ్పులే మిగులుతాయి.

అక్కడి వివరాల పలకలు హిందీ, ఇంగ్లిషుల్లో ఉంటాయి. తెలుగు మాధ్యమం పిల్లలకు బయల్దేరే ముందు రెండు పీరియడ్లు చాలు. ఇంజన్ మీది అక్షరాలు చదవడం నేర్పండి. మొదటి అక్షరం గేజ్‌ది, అంటే రెండు పట్టాల మధ్య దూరానిది. డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజ్, వై మీటర్‌గేజ్, జెడ్ నారోగేజ్. డి డీజిల్, ఎ ఏసీ కరెంటు, సి డీసీ కరెంటు. పి ప్రయాణికులకు, జి గూడ్సుకు, ఎం రెండింటికీ. ఇది వచ్చిన పిల్లకు డబ్ల్యూడీఎం–2 అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. మ్యూజియంలో 'సర్ లెస్లీ విల్సన్' అనే పాత ఎలక్ట్రిక్ ఇంజన్‌ది డబ్ల్యూసీజీ–1 తరగతి. దాని 'సి' దగ్గర ఆపి, 1925లో బొంబాయిలో మన దేశపు మొదటి కరెంటు రైలు డీసీ మీదే నడిచిందని చెబితే గుర్తుంటుంది. వాళ్లనే తిరుగు ప్రయాణంలో తమ బండి ఇంజన్ మీద ఏముందో చదవమనండి.

జట్టుకో టేపు ఇవ్వండి. అనుమతి అడిగి పట్టాల మధ్య కొలిపించండి, రెండు పట్టాల తలల లోపలి అంచు నుంచి లోపలి అంచుకు. బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు, మీటర్‌గేజ్ వెయ్యి, నారోగేజ్ 762 లేదా 610. పట్టా మధ్య నుంచి కొలిస్తే లెక్క తప్పుతుంది, పిల్లలు తప్పకుండా అలాగే కొలుస్తారు.

పటియాలా మోనోరైల్ దగ్గర మాత్రం తొందరపెట్టకండి. 1907లో మొదలై 1927 దాకా నడిచిన బండి అది. రోడ్డు అంచున ఒక్కటే పట్టా, బండి బరువంతా దాదాపు దాని మీదే. పక్కకు చాచిన పెద్ద చక్రం ఒకటి రోడ్డు మీద దొర్లుతూ బండి ఒరగకుండా ఆపుతుంది. పట్టా ఒక్కటే కాబట్టి ఇనుము ఖర్చు సగం, ఇనప చక్రం ఇనుము మీద తేలిగ్గా దొర్లుతుంది కాబట్టి కంచరగాడిదలు కూడా లాగగలిగాయి. ఆవిరి ఇంజన్లు తర్వాత వచ్చాయి. 'ఒక్క పట్టా మీద పడిపోదా?' అని ఎవరో ఒకరు అడుగుతారు. జవాబు చెప్పకండి, ఆ పక్క చక్రం చూపించండి. దీనికి ఆవిరి పెట్టి నడిపే రోజులు ఎప్పుడో ముందే ఫోన్ చేసి కనుక్కుంటే ఇంకా మంచిది.

నిప్పు లేని ఆవిరి ఇంజన్ కూడా ఉంది. బొగ్గు పొయ్యి ఉండదు. బయటి బాయిలర్ నుంచి ఆవిరి నింపుకుని, అయిపోయేదాకా తిరుగుతుంది. నిప్పురవ్వ పడితే ప్రమాదమయ్యే ఫ్యాక్టరీల కోసం చేసినవి ఇలాంటివి. నిజాం స్టేట్ రైల్వేలో పనిచేసిన 1914 నాటి జాన్ మోరిస్ ఫైరింజన్ మన పిల్లలు చూడకుండా రాకూడదు. ఈ మ్యూజియానికి 1971లో శంకుస్థాపన చేసింది కూడా మన వి.వి.గిరి గారే.

డీఈవో కార్యాలయాలకు ఒక్క విన్నపం. టూర్ అనుమతి దరఖాస్తులో తేదీలు, బస్సు కాగితాలు అడుగుతున్నట్టే, ఏ రోజు ఏ ప్రదేశం, ఆ రోజు అది తెరిచి ఉంటుందా, అక్కడ ఎన్ని గంటలు అన్న మూడు గడులు చేర్చండి. 'వీలైతే' అని రాసిన దరఖాస్తును వెనక్కి పంపండి. అలాగే మ్యూజియంలో ముఖ్యమైన పాతిక బండ్ల వివరాలు తెలుగులో ఒక కాగితం మీద అచ్చువేసి ఇవ్వడం దక్షిణ మధ్య రైల్వేకు పెద్ద ఖర్చేమీ కాదు.

మెట్రోలో వెళ్లే చిన్న జట్లకు ఒక మాట. పింక్ లైన్‌లో మ్యూజియానికి దగ్గరి స్టేషన్లలో ఒకదాని పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్. ఆవిడ మన రాజమండ్రి ఆడపడుచు. పిల్లలను అక్కడ దింపి ఆ బోర్డు చదివించండి.

– ఓ పాఠకుడు, కాజీపేట