మన 16యూ (16 ఏళ్లలోపు) జట్టు జార్జియా వెళ్లడం లేదు

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మన సమ్మర్ బేస్‌బాల్ టీమ్ తల్లిదండ్రులందరికీ నమస్కారం.

వచ్చే వారం జార్జియాలోని ఎమర్సన్‌లో ఆడాల్సిన టోర్నమెంట్ నుంచి 16యూ జట్టును తప్పించాను. హెడ్ కోచ్‌ని కూడా తీసేశాను. వాట్సాప్‌లో రకరకాలుగా తిరుగుతోంది కాబట్టి జరిగింది నేనే చెబుతున్నాను.

రెండు వారాల కిందట గురువారం మన పిచర్ ఒకబ్బాయి 84 బంతులు వేశాడు. ఆ రోజు బంతులు లెక్కపెట్టే క్లిక్కర్ నొక్కింది నేనే. పిల్లల చేతులు దెబ్బతినకుండా మనం పాటించే పిచ్ స్మార్ట్ నియమాల ప్రకారం 15, 16 ఏళ్ల పిల్లలు ఒక రోజులో 76 లేదా అంతకంటే ఎక్కువ బంతులు వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి ఇవ్వాలి. శనివారమే ఆ అబ్బాయిని మళ్లీ దింపారు. నేను పక్క గ్రౌండ్ నుంచి వచ్చేసరికి ఇంకో 38 వేసేశాడు. డగౌట్‌లో వాటర్ బాటిల్ మూత కుడిచేత్తో తిప్పబోయి, ఆగి, ఎడమచేతికి మార్చుకున్నాడు. "నొప్పిగా ఉందా నాన్నా?" అంటే "లేదంకుల్" అన్నాడు. ఎదురుగా ఇద్దరు కాలేజీ కోచ్‌లు బంతి వేగం కొలిచే రాడార్ గన్‌లు పట్టుకుని కూర్చుంటే ఏ పిల్లాడైనా ఇంకేమంటాడు?

కోచ్ బంతుల లెక్క రాసే షీటు తీసి చూశాను. గురువారం గడిలో 84 బదులు 44 అని ఉంది. 44 అయితే ఒక్క రోజు విశ్రాంతి చాలు. కోచ్‌ని అడిగితే అందరూ చేసేదేగా అన్నారు.

రెండు రాత్రులు నాకు నిద్ర లేదు. ఆయన కాలేజీలో ఆడిన మనిషి, ఆయన ఫోన్ చేస్తే కాలేజీ కోచ్‌లు ఎత్తుతారు. టెన్త్ అయిన మన పిల్లలతో డివిజన్ వన్ (కాలేజీ ఆటల్లో పై స్థాయి) కోచ్‌లు నేరుగా మాట్లాడగలిగేది ఆగస్టు 1 నుంచి. ఆ ముందు నెలలో ఆయన్ని పంపేస్తే పిల్లల అవకాశం నేనే పోగొట్టినట్టవుతుందా అని ఒకటే టెన్షన్. కానీ దొంగ లెక్క రాసిన మనిషికి ఇంకో పిల్లాడి మోచేయి ఎలా అప్పగించను? మోచేతి లిగమెంట్‌కి చేసే టామీ జాన్ సర్జరీ దాకా వెళితే మళ్లీ మ్యాచ్‌లో బంతి వేయడానికి మామూలుగా ఏడాదికి పైగా పడుతుంది.

వేరే కోచ్‌తో జార్జియా వెళ్లొచ్చు కదా అని కొందరన్నారు. మిగిలింది ముగ్గురు పిచర్లు. ఐదు మ్యాచ్‌లు వాళ్లతో లాగిస్తే నేనూ అదే తప్పు చేసినట్టు.

"గుంటూరులో క్రికెట్ ఆడినాయనకి బేస్‌బాల్ ఏం తెలుసు" అన్న మాట నా దాకా వచ్చింది. బాధేసింది. నేను బేస్‌బాల్ ఆడలేదు, నిజమే. ఏడు సమ్మర్లుగా మన పిల్లలు వేసిన బంతులు మాత్రం ఎండలో నిలబడి లెక్కపెట్టాను.

జార్జియా డబ్బు ఈ శుక్రవారంలోగా పూర్తిగా వెనక్కి వేస్తాను. హోటల్ అడ్వాన్స్ రాదన్నారు, అది నా నష్టం. ఆ అబ్బాయిని డాక్టర్ చూశారు, లిగమెంట్ బాగానే ఉంది. ఆయన సరేననే దాకా బంతి ముట్టుకోడు. జులైలో ఇక్కడే వారాంతాల్లో ఆడతాం. ప్రతి పిల్లాడి వీడియో, అసలు లెక్కలతో సహా, కాలేజీలకు నేనే పంపుతాను. వేకోలోని మెక్లెన్నన్ లాంటి జూనియర్ (రెండేళ్ల) కాలేజీలకూ పంపుతాను. పెద్ద కాలేజీల జట్లు చాలావరకు 34 మందికే పరిమితమయ్యాయి, అందులోనూ వేరే కాలేజీల నుంచి ట్రాన్స్‌ఫర్ మీద వచ్చేవాళ్లు కొన్ని చోట్లు తీసుకుంటున్నారు. అందుకే రెండేళ్లు జూనియర్ కాలేజీలో ఆడి పెద్ద కాలేజీకి వెళ్లడాన్ని చిన్నచూపు చూడకండి.

రెండు కుటుంబాలు జట్టు వదిలి వెళ్లిపోయాయి. మళ్లీ వస్తామంటే సంతోషంగా తీసుకుంటాను, కానీ ఈ లెక్క విషయంలో మారను. మంగళవారం 6:30కి ప్రాక్టీస్ మామూలే. ఇకనుంచి బంతుల షీటు ప్రాక్టీస్ కేజ్ గోడ మీదే ఉంటుంది, మీరూ వచ్చి చూసుకోండి.